అద్దం కోటింగ్‌కి ఇస్తున్నారా? నాది పాడుచేసి పంపారు, జాగ్రత్త

సొంతంగా అరగదీసుకున్న టెలిస్కోప్ అద్దాన్ని అల్యూమినియం కోటింగ్‌కి పంపబోయేవాళ్లు ముందు ఇది చదవండి. మనవాళ్లు చాలామంది పంపే చోటికే నేనూ పంపాను. పేరు రాయడం లేదు, ఈ పనిలో ఉన్నవాళ్లకి ఎవరో అర్థమవుతుంది. నిన్న రాత్రి నుంచి నిద్ర లేదు. కోపం ఇంకా తగ్గలేదు.

8 అంగుళాల అద్దం, ఎఫ్/6 (ఫోకస్ దూరం అద్దం వెడల్పుకి ఆరు రెట్లు). 80 నంబరు కార్బోరండంతో (గరుకు రాపిడి పొడి) మొదలుపెట్టి గుంట 2 మిల్లీమీటర్ల పైచిలుకు దింపాను. తర్వాత సన్న పొడులు, ఆ తర్వాత పిచ్ ల్యాప్ (తారులాంటి పిచ్ పూసిన పాలిష్ దిమ్మ) మీద సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి. ఇదంతా మీకు తెలిసిందే. అసలు కష్టం అద్దం మెరిశాక మొదలైంది. గోళాకారంగా ఉన్నదాన్ని పారాబోలాకి (నక్షత్రం వెలుగుని ఒకే చుక్కకి చేర్చే ఆకారం) తేవడానికి నాకు కార్తీకం నుంచి శివరాత్రి దాకా పట్టింది. పది నిమిషాలు స్ట్రోకులు వేయడం, చేతి వేడి తగిలిన గాజు చల్లారేదాకా గంటసేపు ఆగడం, చీకటి గదిలో ఫూకో టెస్ట్ (అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగుకి బ్లేడు అంచు అడ్డుపెట్టి, నీడని బట్టి ఆకారం తెలుసుకునే పరీక్ష) పెట్టి నీడ చూసుకోవడం, మళ్లీ పది నిమిషాలు. నాన్న పక్కన కుర్చీ వేసుకుని స్ట్రోకులు లెక్కపెట్టేవారు. ఈ సైజు అద్దంలో గోళానికీ పారాబోలాకీ తేడా ఎక్కడ కొలిచినా ఒక మైక్రాన్ లోపే. తలవెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త గాజు కోసం దాదాపు నాలుగు నెలలు.

ఆఖరి రోజు నీడ మధ్య నుంచి అంచు దాకా ఎక్కడా గతుకు లేకుండా వచ్చింది. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను.

కోటింగ్ అయిన అద్దం పోయిన వారం వచ్చింది. కాగితం విప్పగానే తళతళలాడుతోంది. నాన్న అందులో ముఖం చూసుకుని మురిసిపోయారు. నిన్న రాత్రి ట్యూబులో బిగించి స్వాతి నక్షత్రం మీద పెట్టాను. ఎంత తిప్పినా చుక్క చుక్కగా నిలవదు. ఫోకస్‌కి బయటివైపు వలయాలు గట్టిగా గీసినట్టున్నాయి, లోపలివైపు అంతా అలుక్కుపోయింది. గుండె జారిపోయింది. అప్పటికప్పుడు అద్దం విప్పి టెస్ట్ స్టాండ్ మీద పెట్టి రాంకీ జాలీతో చూశాను (సన్న గీతల జాలీ, గీతలు వంగే తీరుని బట్టి అద్దం ఆకారం తెలుస్తుంది). గీతలన్నీ అంచు దగ్గరికి వచ్చేసరికి కొక్కెంలా వంగిపోయాయి. అంచు చుట్టూతా కిందికి దిగిపోయింది. మధ్యలో నారింజ తొక్కలా గతుకులు. పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే ఇది నా అద్దమేనా అనిపించింది.

పొద్దున్నే కోటింగ్ వేసినతనికి ఫోన్ చేశాను. ముందు కోటింగ్‌లో తేడా ఏమీ ఉండదన్నాడు. అది నాకూ తెలుసు. ఆ పొర మందం మైక్రాన్‌లో పదో వంతు ఉంటుంది, కింద గాజు ఎలా ఉంటే అదే ఆకారంలో కూర్చుంటుంది. గాజుని ముట్టుకున్నారా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు: "చిన్న మచ్చలున్నాయి సార్. బఫ్ మెషీన్ మీద పెట్టి మేమే తీసేశాం. దానికి ఎక్స్‌ట్రా కూడా తీసుకోలేదు."

నాకు కాసేపు మాట రాలేదు. తిరిగే ఫెల్ట్ చక్రం! నేను ఒక్కో పూట పది నిమిషాలు మాత్రమే ముట్టుకుని, గంటసేపు చేతులు కట్టుకుని కూర్చున్న అద్దం మీద! నన్ను ఒక్క మాట అడగలేదేమంటే, "మెరుస్తోంది కదా సార్, ఇంకేం కావాలి? ఫ్యాక్టరీ అద్దమా ఏమన్నానా, చేత్తో రుద్దిందే కదా" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. టెస్ట్ ఫొటోలు రెండూ వాట్సాప్‌లో పంపాను, చూసి బ్లాక్ చేశాడు.

రూ.4,000 పోయినందుకు కాదు నా బాధ. "చేత్తో రుద్దిందే కదా" అన్న మాట పొద్దున్నుంచి చెవిలోంచి పోవడం లేదు. నాన్న ఆ పక్కనే ఉన్నారు, స్పీకర్‌లో విన్నారు. ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు.

నా తప్పు కూడా ఉంది. పంపేటప్పుడు "శుభ్రంగా క్లీన్ చేసి వేయండి" అని చెప్పింది నేనే. క్లీన్ చేయడమంటే సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, దూది అనుకున్నాను. అదే మాట కాగితం మీద విడమరిచి రాసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదేమో. ఆ మచ్చలు కూడా సీరియం మరకలే అయి ఉంటాయి, నేనే ఇంకోసారి కడిగి పంపాల్సింది.

ఇప్పుడు ఫెర్రిక్ క్లోరైడ్‌తో కోటింగ్ తీసేసి ఫిగరింగ్ (పారాబోలా ఆకారానికి తేవడం) మళ్లీ మొదటి నుంచి చేయాలి. అదైనా ఇప్పుడు కుదరదు. ఈ ఎండలకి పిచ్ మెత్తబడి ల్యాప్ మీద గాడులు పూడుకుపోతాయి. చలికాలం దాకా ఆగాల్సిందే.

పంపేవాళ్లు అద్దం వెనక చెరగని మార్కర్‌తో "పాలిష్ చేయకూడదు, బఫ్ పెట్టకూడదు" అని రాయండి. అదే మాట వాట్సాప్‌లో పెట్టి, వాళ్ల చేత సరే అనిపించుకోండి. టెస్ట్ ఫొటోలు తేదీతో సహా దాచుకోండి. ఇప్పటికే వాళ్ల దగ్గర ఎవరిదైనా అద్దం ఉంటే రేపటి దాకా ఆగొద్దు, ఇప్పుడే ఫోన్ చేసి గాజుని ముట్టుకోవద్దని చెప్పండి.