యశస్విని: పాల సంఘాల మీద నిలబడ్డ ఆరోగ్య బీమా

కర్ణాటకలో సహకార సంఘాల సభ్యుల కోసం నడుస్తున్న యశస్విని పథకాన్ని బీమా కంపెనీల పాలసీలతో పోల్చి చూసేవారు ముందుగా గమనించవలసింది, దీని వెనుక బీమా కంపెనీ ఏదీ లేదన్న విషయం. సభ్యులు కట్టే చందా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వాటా కలిసి ఒక ట్రస్టు ఖాతాలో చేరతాయి. ఆసుపత్రుల బిల్లులు ఆ ఖాతా నుంచే చెల్లుతాయి. లాభం పంచుకునే వాటాదారులు లేరు, నష్టం వస్తే భరించే కంపెనీ కూడా లేదు. ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్రలో ఈ పథకానికి వచ్చిన మంచిపేరూ, పడిన ఇబ్బందులూ చాలావరకు ఈ ఏర్పాటు నుంచే పుట్టాయని నా అభిప్రాయం. చింతామణి దగ్గరి పల్లెలో ఉండే మా చిన్నాయన కుటుంబం పాల సంఘం ద్వారా ఇందులో చేరింది. బెంగళూరులో వాళ్ల ఆసుపత్రి పనులు చూసేది నేనే కాబట్టి, కాగితాల మీద ఉన్నదీ కౌంటరు దగ్గర జరిగేదీ రెండూ చూసి రాస్తున్నాను.

పథకం ఆలోచన హృద్రోగ శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ దేవీప్రసాద్ శెట్టిది. బెంగళూరు హోసూరు రోడ్డులో బొమ్మసంద్ర దగ్గర నారాయణ హృదయాలయ ఆసుపత్రి స్థాపించిన ఆయన వాదన సూటిగా ఉండేది. ప్రైవేటు ఆసుపత్రుల్లో పడకలు, ఆపరేషన్ థియేటర్లు రోజులో చాలాసేపు ఖాళీగా ఉంటాయి. మరోవైపు పల్లెల్లో ఆపరేషన్ అవసరమైనా డబ్బు లేక వాయిదా వేసుకునేవారు లక్షల్లో ఉంటారు. ఒక్కొక్కరు నెలకు 5 రూపాయలు పోగు చేసుకుంటే ఆ రెండింటినీ కలపవచ్చు. ఆ 5 రూపాయలు వసూలు చేసేదెవరన్న ప్రశ్నకు జవాబు కర్ణాటకలో అప్పటికే సిద్ధంగా ఉంది. ఊరూరా పాల సంఘం ఉంది, వ్యవసాయ పరపతి సంఘం ఉంది, సభ్యుల పేర్లతో పుస్తకాలున్నాయి, డబ్బు లెక్క చూసే కార్యదర్శి ఉన్నాడు. ఏజెంట్లు, కమీషన్లు, ప్రకటనల ఖర్చు లేకుండా ఇంత తక్కువ చందాతో పథకం నడవడానికి అసలు కారణం అదే.

అప్పటి ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ 2002 నవంబరు 14న దీన్ని ప్రారంభించగా, చికిత్సలు 2003 జూన్ 1 నుంచి మొదలయ్యాయి. మనిషికి ఏడాదికి 60 రూపాయలు కట్టి మొదటి ఏడే సుమారు 16 లక్షల మంది చేరారు. ఆసుపత్రుల అనుమతులు, బిల్లుల పరిశీలన చేసిన ఫ్యామిలీ హెల్త్ ప్లాన్ సంస్థ హైదరాబాదుది కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి. రెండో ఏడు సభ్యులు 20 లక్షలు దాటారు. అప్పటికి ఖర్చు ఏమిటో ట్రస్టుకు అర్థమై, 2005లో చందాను ఒక్కసారిగా 120 రూపాయలు చేయడంతో సంఖ్య 15 లక్షల లోపుకు పడిపోయింది. మామూలు బీమా కంపెనీ అయితే మూలధనంతో ఒకటి రెండేళ్లు నెట్టుకొచ్చేది. ఇక్కడ ఖాతాలో ఉన్నదే డబ్బు కాబట్టి చందా పెంచడమో, ప్రభుత్వాన్ని అడగడమో తప్ప మూడో దారి లేదు. తర్వాతి సంవత్సరాల్లో చందా కొద్దికొద్దిగా పెరిగినా సభ్యులు తిరిగి వచ్చారు, 30 లక్షల దాకా పెరిగారు. ధర పెరగడం కన్నా, ఒక్కసారిగా రెట్టింపు కావడమే జనాన్ని భయపెట్టిందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఏమేమి వర్తిస్తాయో చూస్తే, ఇది రైతుల కోసం కూర్చుని రాసిన జాబితా అని వెంటనే తెలుస్తుంది. గుండె, మూత్రపిండాలు, కళ్లు, గర్భాశయం వంటివాటికి చేసే శస్త్రచికిత్సలతో పాటు పాముకాటు, కుక్కకాటు, ఎద్దు కుమ్మిన గాయాలు, వ్యవసాయ పనిముట్ల వల్ల జరిగే ప్రమాదాలు, కరెంటు షాకు కూడా అందులో చోటు చేసుకున్నాయి. నగరంలో కూర్చుని పాలసీలు రాసేవారికి ఎద్దు కొమ్ము గుర్తుకు రావడం కష్టమే. అయితే ఇది ప్రధానంగా ఆపరేషన్ల పథకం. చక్కెర జబ్బుకో, రక్తపోటుకో నెలనెలా కొనే మందులకు ఇది పనికిరాదు. మోకీలు మార్పిడి, అవయవ మార్పిడి, కీమోథెరపీ వంటివి పాత పథకంలో మినహాయింపుల్లో ఉండేవి. ఊళ్లో చాలామంది ఈ తేడా తెలియకుండానే చందా కట్టి, జ్వరానికి ఆసుపత్రిలో చేరినప్పుడు కార్డు చెల్లలేదని కోప్పడతారు. ఆ కోపంలో తప్పు వాళ్లది కాదు. చందా తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పే బాధ్యత సంఘాలది.

2018లో ప్రభుత్వం ఆరోగ్య పథకాలన్నిటినీ ఆరోగ్య కర్ణాటకలో కలిపేయడంతో యశస్విని ఆగిపోయింది. కాగితం మీద చూస్తే కొత్త పథకమే మెరుగు: చందా లేదు, పేద కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. కానీ యశస్విని కార్డుతో రైతు జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి నేరుగా వెళ్లేవాడు. కొత్త పద్ధతిలో చాలా చికిత్సలకు ముందు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి సిఫారసు కాగితం తెచ్చుకోవలసి వచ్చింది. దారిద్ర్యరేఖకు ఎగువనున్న కార్డు గలవారికి ప్యాకేజీలో, అంటే ఆ చికిత్సకు ముందే ఖరారు చేసిన మొత్తంలో, 30 శాతమే ప్రభుత్వం ఇస్తుంది. నాలుగు ఆవులు, రెండెకరాల మల్బరీ తోట ఉన్నందుకు ఆ కార్డు పొందిన మా చిన్నాయన వంటివారికి మిగతా 70 శాతం చిన్న మొత్తం కాదు. పాత పథకం మళ్లీ కావాలని రైతులూ సహకార సంఘాలూ ఎందుకు పట్టుబట్టారో దీనితో అర్థమవుతుంది. 2022 బడ్జెట్టులో అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై 300 కోట్ల రూపాయలు కేటాయించగా, 2023 ఆరంభం నుంచి చికిత్సలు తిరిగి మొదలయ్యాయి. అప్పుడు నిర్ణయించిన ప్రకారం పల్లెల్లో నలుగురి కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలు, నగరాల్లోని సహకార సభ్యులకు 1000 రూపాయలు. షెడ్యూల్డు కులాల, తెగల సభ్యుల చందా ప్రభుత్వమే భరిస్తుంది. కుటుంబానికి ఏడాది పరిమితి 5 లక్షలు.

ఈ రెండో దశలోనే మా చిన్నాయనకు పిత్తాశయంలో రాళ్లు తీయించాము. అనుమతి కోసం కార్డు, ఆధార్, స్కానింగు రిపోర్టు తీసుకున్నారు. మరుసటి రోజుకే అనుమతి వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపే రోజున మాత్రం ఆ ఆసుపత్రి బిల్లింగు కౌంటరులో ప్యాకేజీలోకి రాని సామాను వాడామంటూ ఒక చిన్న చీటీ మీద మొత్తం రాసి చేతికిచ్చారు. పడక, థియేటరు, మత్తు, మందులు, సామాను అన్నీ కలిపిందే ప్యాకేజీ అన్నది పథకం మొదటి నుంచీ చెప్పే మాట. మా పిన్నమ్మ గొడవ పడలేదు. “కడతాము నాయనా, ఆసుపత్రి పేరు మీద రసీదు మాత్రం ఇయ్యి, మా సెక్రటరీకి చూపించాల” అని అడిగింది. చీటీ తీసుకుని లోపలికి వెళ్లిన అబ్బాయి కాసేపటికి తిరిగి వచ్చి, అక్కరలేదు, వెళ్లవచ్చన్నాడు. పై నుంచి తనిఖీ చేసే యంత్రాంగం ఇంకా గట్టిగా ఉండాలి. రసీదు అడిగే పిన్నమ్మలు ప్రతి మంచం పక్కనా ఉండరు కదా.

మదనపల్లె వైపు బంధువులు దీన్ని 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పోల్చి, మాకు రూపాయి కట్టే పనే లేదని అంటుంటారు. నిజమే. అక్కడ మొదట్లో తెల్ల రేషను కార్డు అర్హతగా ఉండేది, ఖర్చు అంతా ప్రభుత్వానిది. యశస్వినిలో ప్రధాన అర్హత సంఘ సభ్యత్వం, ఆదాయం కాదు. మధ్యతరగతి రైతుకు ఇందులో చోటు దొరికింది అందువల్లనే. కానీ సంఘం నిద్రపోతే సభ్యుడికి బీమా లేనట్టే. నమోదుకు గడువు ఉంటుంది, దాటితే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే. మా చిన్నాయన ఊరి కార్యదర్శి చురుకైనవాడు కాబట్టి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించాడు, పక్క ఊళ్లో సగం మందికి గడువు సంగతే తెలియలేదు.

చందా విలువకు తగిన సేవ ఇది, సందేహం లేదు. పల్లెలో సంఘ సభ్యత్వం ఉన్నవారు తప్పక చేరవలసిందే, మందుల ఖర్చుకు వేరే ఏర్పాటు చూసుకుంటూ. చేరేటప్పుడు ఇంట్లో అందరి పేర్లూ రాయించాలి. నలుగురు దాటాక ఒక్కొక్కరికి అదనంగా కట్టవలసిన 100 రూపాయలు మిగుల్చుకుందామని ముసలివాళ్ల పేర్లు వదిలేసే కుటుంబాలు మా చిన్నాయన ఊళ్లోనే ఉన్నాయి. కంటి శుక్లాలు, హెర్నియా అంటూ ఆ కార్డు అవసరం పడేది ఎక్కువగా వాళ్లకే.