కథా పఠన తరగతి: దృష్టికోణం భేష్, ప్రతీకల దగ్గర తొందర

హైదరాబాదులో, బాగ్‌లింగంపల్లి ప్రాంతంలో ఒక చిన్న బృందం నడుపుతున్న ఆదివారపు కథా పఠన తరగతికి సాహిత్య విద్యార్థులు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అయితే బోధన అంతటా ఒకే స్థాయిలో లేదు.

దృష్టికోణాన్ని, అంటే కథ ఎవరి చూపు నుంచి సాగుతోందన్నదాన్ని, వివరించిన తీరు మాత్రం అమోఘం. 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’ను తీసుకుని, కథనం ‘అతడు’ అంటూ ప్రథమ పురుషలో సాగుతున్నా అది భర్త గోపాలరావు కంటికి కనిపించినంత, చెవికి వినిపించినంత మేరకే ఎలా ఆగిపోతుందో, అందువల్లనే మంచం కింద దాగిన భార్య కమలిని సంగతి అతనికి తెలిసేవరకు పాఠకునికీ ఎలా తెలియదో వాక్యం వెంట వాక్యం చదివి చూపించారు. అదే కథను కమలిని వైపు నుంచి చెప్పమన్నప్పుడు చివర మంచం కింద నుంచి వినిపించే ఆమె నవ్వులోని మెరుపు కాస్తా ఎగిరిపోయింది, పాఠమంటే అదీ.

ప్రతీకల పాఠం, అంటే కథలోని వస్తువు మరో అర్థాన్ని సూచించడం గురించినది, అంతగా రుచించలేదు. కథకుడు చాసో ‘వాయులీనం’లో భార్య వైద్యం కోసం అమ్ముడుపోయే ఫిడేలును ప్రతీక అంటే ఒప్పుకోవచ్చు, ఎందుకంటే కథ దాని చుట్టూనే తిరుగుతుంది, కానీ కథల్లో కనిపించిన ప్రతి దీపాన్నీ, ప్రతి గుమ్మాన్నీ అలాగే సాగదీయడం రచయిత మీద లేని బరువు మోపడమే. ఆ వస్తువు పదేపదే వస్తోందా, పాత్ర మారేకొద్దీ దాని అర్థమూ మారుతోందా అని ఎవరూ అడగలేదు.

పంచిన జిరాక్సు ప్రతులు మసకగా ఉంటున్నాయి కనుక పుస్తకాలు వెంట తీసుకెళ్లడం మేలు.