గడికీ గడికీ మధ్య: పదేళ్ల చిన్న గేములు, చిన్న కామిక్స్

పోయిన వారం ఫ్లోరెన్స్ గేమ్‌ని ఐదోసారి ఆడాను. మొత్తం కలిపి అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలుస్తారు, దగ్గరవుతారు, విడిపోతారు. కథగా చెప్పుకుంటే ఇంతే. కానీ మొదటిసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట, ఆ అమ్మాయి అనే ప్రతి మాటకీ బుడగని మనమే పేర్చాలి, పజిల్ ముక్కల్లాగా. మొదట్లో ముక్కలు ఎక్కువ. ఏది ఎక్కడ పడుతుందో తెలియక వేలు తడబడుతుంది. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి. చివరికి ఒకే ముక్క మిగులుతుంది, అలా పెట్టేస్తే మాట అయిపోతుంది. తర్వాత గొడవపడే చోట అవే ముక్కలు పదునుగా, కొసలు తేలి వస్తాయి. బుడగల్లో ఒక్క అక్షరం ఉండదు. అయినా వాళ్లేం అనుకుంటున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆ మాటలు పేర్చింది నా వేలే కదా.

ఇలాంటి చిన్న గేములు, చిన్న కామిక్స్ పదేళ్లకు పైగా నాతో ఉన్నాయి. రాత్రి పనులయ్యాక ఒక గంట, సెలవు రోజయితే ఇంకాస్త. ఒక్కరో, నలుగురో కూర్చుని చేసిన పనిలో అన్నీ చూపించడం కుదరదు. అంత మంది లేరు, అంత డబ్బూ ఉండదు. కానీ శ్రద్ధ ఉన్నవాళ్లు ఆ లోటుని ఊరికే వదిలేయరు. ఏది గీయాలి, ఏది మనకి విడిచిపెట్టాలి అని బాగా ఆలోచిస్తారు. కామిక్‌లో ఒక్కో బొమ్మ గీసే గడికీ, పక్క గడికీ మధ్య తెల్లటి సందు ఉంటుంది చూడండి, అక్కడ జరిగేదంతా మన మనసులోనే జరుగుతుంది. మంచి చిన్న గేముల్లోనూ ఆ సందు ఉంటుంది. అది కుదిరినవే ఇన్నేళ్ల తర్వాత నా దగ్గర మిగిలాయి.

పేపర్స్, ప్లీజ్ 2013లో వచ్చింది. చేసింది లూకస్ పోప్, దాదాపు ఒంటిచేత్తో. ఒక ఊహాదేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగం మనది. బల్ల బాగా ఇరుకు. పాస్‌పోర్టు, అనుమతి పత్రం, నిబంధనల పుస్తకం ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి, బయట క్యూ కదలదు, ఎంతమందిని చూస్తే అంత జీతం. ఆ జీతంలోంచే ఇంట్లోవాళ్లకి తిండి, చలికి వెచ్చదనం. ఒక రోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయగా చూడండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశ పత్రం ఉండదు. తిరిగి వెళ్తే చంపేస్తారని చెబుతుంది. ఈ గేమ్‌లో రోజూ మొదటి రెండు తప్పులకి హెచ్చరిక చీటీ మాత్రమే వస్తుంది, మూడో తప్పు నుంచి జీతం కోస్తారు. అంటే రోజుకి రెండుసార్లు జాలిపడే వీలుందన్నమాట. నేను అప్పటికే తొందరలో రెండు తప్పులు చేసి ఉన్నాను. ఆమెని వెనక్కి పంపేశాను. కిటికీ ముందు నుంచి ఆమె పక్కకి తప్పుకుంది, తర్వాతి మనిషి వచ్చాడు. ఆ తర్వాత ఆమె ఏమైందో గేమ్ చూపించదు. ఆ రాత్రి ఇంకో రోజు ఆడబుద్ధి కాలేదు, ఆపేశాను. రెండోసారి మొదటి నుంచి మొదలుపెట్టినప్పుడు ఆ రోజు ప్రతి కాగితాన్నీ రెండేసిసార్లు చూశాను, ఆమె కోసం ఒక చీటీ మిగల్చాలని.

అదే పోప్ 2018లో రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ తెచ్చారు. తెలుపు, నలుపు చుక్కలు తప్ప వేరే రంగు లేదు. ఒక ఓడ, దాని మీద 60 మంది, ప్రతి ఒక్కరి పేరూ కనిపెట్టాలి, ఏమయ్యారో తేల్చాలి. దొరికేది చనిపోయిన క్షణం ఒక్కటే, అదీ కదలకుండా నిలిచిపోయిన దృశ్యంగా. ముగ్గురివి కచ్చితంగా రాస్తే తప్ప సరైనదని చెప్పదు కాబట్టి గుడ్డిగా ఊహిస్తూ పోలేం. వేలాడే పడకల మీద నంబర్లు ఉంటాయని, అవి సిబ్బంది జాబితాలోని నంబర్లతో కలుస్తాయని గమనించిన క్షణం నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గేమ్ ఆ మాట ఎక్కడా చెప్పదు. దీనికున్న ఇబ్బంది ఒక్కటే, ఒకసారి తెలిశాక మళ్లీ ఆడలేం. రెండుసార్లు ప్రయత్నించాను, జవాబులన్నీ గుర్తొచ్చేస్తున్నాయి.

సెలెస్ట్ సంగతి వేరు. కొండెక్కే గేమ్, 2018 జనవరిలో వచ్చింది. చాలా కష్టమని భయపెడతారు. కష్టమే, వందలసార్లు చచ్చిపోతాం. కానీ పడిన వెంటనే ఆ తెర మొదట్లోనే లేచి నిలబడతాం, మళ్లీ ఆట మొదటికి పంపదు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా రెప్పపాటు సేపు దూకడానికి వీలుంటుంది. ఇది బయటికి కనపడదు. నా వేలు సరిగ్గా పడిందనే అనిపిస్తుంది. ఇంత కష్టమైన గేమ్‌లో ఇంత ప్రేమ దాచిపెట్టడం నాకు ఎప్పటికీ నచ్చుతుంది. కావాలంటే వేగం తగ్గించుకునే ఏర్పాటు కూడా ఉంది. చివరి అధ్యాయాలు నేను అలాగే ఆడాను, ఆనందం ఏమీ తగ్గలేదు. మధ్యలో వేలాడే బండి ఆగిపోయి ఆ అమ్మాయికి ఊపిరాడని చోటొకటి ఉంది. ఒక ఈకని శ్వాసతో పాటు పైకీ కిందకీ తేలిస్తే గుండెదడ తగ్గుతుంది. ఆ తర్వాత టెన్షన్‌గా ఉన్నప్పుడు నేను చాలాసార్లు కళ్లు మూసుకుని ఆ ఈకనే తలుచుకున్నాను.

హాలో నైట్ గురించి ఒక్క మాట. కొత్త చోటికి వెళ్తే మ్యాప్ ఉండదు, దారి తెలియదు. ఎక్కడో ఎవరో కూనిరాగం తీస్తుంటారు, నేల మీద కాగితాలు పడి ఉంటాయి. వాటి వెంట వెళ్తే మ్యాప్ అమ్మే ఆయన కనిపిస్తాడు. ఆ కూనిరాగం వినగానే కలిగే ఊరట ఏ బాణం గుర్తూ ఇవ్వలేదు.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం పనుల గేమ్ మాత్రం చాలా గంటలు ఆడి వదిలేశాను. ఎరిక్ బరోన్ బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఒక్కరే చేసుకుని 2016లో తెచ్చారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. వర్షం పడే రోజుల్లో నీళ్లు పోసే పని ఉండదు, ఆ రోజులు ఎంత హాయో. రెండో ఏడాదికి వచ్చేసరికి నాకు అది లెక్కల పట్టికలా అనిపించడం మొదలైంది. ఆపేయడం మంచిదైంది, మొదటి వసంతం మనసులో అలాగే ఉంది.

కామిక్స్‌కి వస్తే, నేను మళ్లీ మళ్లీ తెరిచేది బోన్. జెఫ్ స్మిత్ 1991 నుంచి 2004 దాకా 55 సంచికలుగా తెచ్చారు, చాలావరకు సొంతంగా అచ్చువేసుకున్నారు. రంగులు వేసిన ప్రతులు తర్వాత వచ్చాయి, నాకు మాత్రం నలుపు తెలుపుదే ఇష్టం. చలికాలం ఇక్కడ ఉన్నట్టుండి వస్తుందని ఎవరో అంటారు, తర్వాత ఒకచోట మంచంతా ఒక్కసారిగా కుప్పలా పడిపోతుంది. తెల్ల కాగితమే మంచు. అక్కడ రంగు వేస్తే ఏదో పోయినట్టుంటుంది.

ఎక్స్‌కేసీడీ అనే ఇంటర్నెట్ కామిక్‌లో 2013లో టైమ్ అని ఒకటి వచ్చింది. మొదట అరగంటకొక బొమ్మ, తర్వాత గంటకొకటి, నాలుగు నెలల పాటు మొత్తం 3,099 బొమ్మలు. ఇద్దరు పుల్లల మనుషులు సముద్రం ఒడ్డున ఇసుక కోట కడుతుంటారు, నీళ్లు మెల్లగా పైకి వస్తుంటాయి. నేను తర్వాత చూసినవాణ్ని కాబట్టి వరసగా చూసేశాను. గంటకొకటి చూస్తూ ఎదురుచూసినవాళ్ల మీద నాకు నిజంగా అసూయ. ఆ గంట కూడా కామిక్‌లో భాగమే.

ఇష్టం లేనివీ చెప్పాలి. చాలా చిన్న గేముల్లో అక్షరాలు మరీ చిన్నవి, ఫోన్‌లో చదవలేం. సగంలో ఉండగానే అమ్మకానికి పెట్టిన ఒక గేమ్ కొన్నాను, ఏళ్లు గడిచినా రెండో భాగం రాలేదు. అంతకంటే బాధపెట్టింది ఒక కామిక్ యాప్. మూసేస్తున్నామని చిన్న ప్రకటన పెట్టి, నేను మూడేళ్లుగా వారంవారం చదువుతున్న కథని వాళ్లతోపాటే తీసుకుపోయారు. గీసినవాళ్ల దగ్గరైనా ఉందో లేదో. అందుకే డేవిడ్ రెవా 2014 నుంచి గీస్తున్న పెప్పర్ అండ్ క్యారట్ అనే కామిక్ అంటే గౌరవం, ఒక మంత్రగత్తె పిల్ల, ఆమె పిల్లి కథ అది. చదవడం ఉచితం, గీసిన అసలు ఫైళ్లు కూడా అందరికీ ఇచ్చేశారు, పేరు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. ఏ యాప్ మూతపడినా ఆ పిల్లీ ఆ మంత్రగత్తె పిల్లా ఎక్కడో ఒకచోట ఉంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి నేను ఇచ్చేది గొరొగోవా. జేసన్ రాబర్ట్స్ బొమ్మల పుస్తకంగా మొదలుపెట్టిన ఆలోచన, ఏళ్ల తరబడి గీసి గీసి 2017లో గేమ్‌గా తెచ్చారు. తెర మీద నాలుగు గడులే. పై గడిలో చెట్టు మీది పండు రాలితే కింది గడిలో ఉన్న గిన్నెలో పడుతుంది, రెండూ వేరువేరు బొమ్మలైనా. మా అక్క కూతురికి ఇచ్చాను. ఏం చేయాలో చెప్పలేదు. చాలాసేపు గడులని అటూ ఇటూ జరిపింది. పండు పడగానే అరవలేదు, నవ్వలేదు, వేలితో రెండు గడుల మధ్య సన్నటి గీతని ఒకసారి తడిమి చూసింది.

ఫ్లోరెన్స్ మాత్రం ఒక్కరే ఉన్నప్పుడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. పియానో ఆ అమ్మాయిది, చెల్లో ఆ అబ్బాయిది. చెల్లో ఎక్కడ ఆగిపోతుందో వినండి.