విశాఖ బ్రూవరీలో బెల్జియం బీర్లు: ఏడాదికి పైగా తాగిన విజయనగరం వాడి మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. ఈ బ్రూవరీ చేస్తున్న బెల్జియం తరహా బీర్లలో విట్‌బియర్ (గోధుమ కలిపిన మబ్బు బీరు) బాగుంటుంది, సైసన్ (పల్లెల్లో పుట్టిన, తీపి లేని బీరు) ఇంకా బాగుంటుంది, డబెల్ (ముదురు రంగుది) పర్వాలేదు, ట్రిపెల్ (మద్యం ఎక్కువుండేది) మాత్రం డబ్బు దండగ. పేరు రాయడం లేదు. ఫిర్యాదులు కొన్ని గట్టిగానే ఉన్నాయి, ఆ కుర్రాళ్ళ పొట్ట కొట్టాలని నాకు లేదు. విశాఖలో బీరు మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళు రెండు పేరాలు చదివేసరికి ఎలాగూ పోల్చేస్తారు.

మాది విజయనగరం. ఉద్యోగం విశాఖలో, రాకపోకలు రైల్లో. ఒకే బోగీలో ఎక్కే కొందరం శనివారం సాయంత్రాలు అక్కడ కూర్చుంటాం. మళ్ళీ రైలే కాబట్టి తాగి బండి నడిపే గొడవ లేదు. కొత్తవలస దాటగానే ఎవడో ఒకడు నిద్రపోతాడు, కోరుకొండ వచ్చాక లేపుతాం.

మా నాలుకలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పాలి. 2019 నుంచి 2024 దాకా రాష్ట్రంలో మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వానివే. అక్కడ దొరికిన సీసాల మీద పేర్లు అంతకు ముందు ఎవరూ విన్నవి కావు. కౌంటర్ దగ్గర ఏది ఇస్తే అది పుచ్చుకుని వచ్చేవాళ్ళం. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాక తెలిసిన బ్రాండ్లు మళ్ళీ కనిపించాయి. అయినా మా వాళ్ళలో చాలామందికి బీరంటే చల్లగా, స్ట్రాంగ్‌గా ఉంటే చాలు. అలాంటి బ్యాచ్ ముందు మబ్బుగా, పల్చటి పసుపు రంగులో, నారింజ వాసన కొట్టే గ్లాసు పెడితే ఏమవుతుంది? మా వాడొకడు మెనూ చదివి, "బీరులో ధనియాలేటి బావా, తాలింపు కూడా ఎట్టీసాడా?" అన్నాడు. అదే మనిషి ఇప్పుడు కూర్చోగానే విట్‌బియర్ తప్ప ఇంకోటి అడగడు.

నిజంగానే ధనియాలు వేస్తారు. మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని గోధుమ దాదాపు సగం పడుతుంది. మరిగించడం అయిపోవచ్చే సమయానికి దంచిన ధనియాలు, ఎండబెట్టిన చేదు నారింజ తొక్క వేస్తారు. ఆ మబ్బుతనం గోధుమలోని మాంసకృత్తుల వల్ల, వడకట్టకుండా వదిలేసిన ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) వల్ల వస్తుంది. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊరు ఈ రకానికి పుట్టిల్లు. 1950ల్లో అక్కడ ఈ బీరు చేసే చివరి కార్ఖానా కూడా మూతపడింది. ఆ కార్ఖానా పక్కనే పెరిగి పాల వ్యాపారం చేసుకుంటున్న పియర్ సెలిస్ 1960ల మధ్యలో దాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ విట్‌బియర్ తాగినా ఆ పాలవాడి పుణ్యమే.

ఇక్కడి విట్‌బియర్ మంచి రోజున ఎలా ఉంటుందంటే, గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే నారింజ తొక్కను గోటితో గిల్లినప్పటి వాసన వస్తుంది. ఆ వెనకాలే లవంగం ఘాటు. నోట్లో పోసుకుంటే నురగ మెత్తగా ఉంటుంది, మింగాక నాలుక పక్కల్లో సన్నని పులుపు మిగులుతుంది. చేదు దాదాపు లేదు. నెత్తళ్ళ వేపుడు పక్కన పెట్టుకుంటే ఆ కారానికి, ఈ పులుపుకి భలే కుదురుతుంది. వాళ్ళ మెనూలో నెత్తళ్ళు ఎప్పుడో గానీ ఉండవు. ఉన్న రోజు వదలకండి. నాచోస్ జోలికి మాత్రం పోకండి.

మంచి రోజున అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఒక్కసారి తాగి వెళ్ళిపోయేవాడికి ఇది తెలియదు. నెలల తరబడి అదే బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది: ఒకే పేరుతో వచ్చే బీరు ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఎండాకాలంలో ఒక బ్యాచ్ బీరు మొత్తం మగ్గిన అరటిపండు వాసన కొట్టింది, లవంగం జాడ లేదు. ఈ లవంగం, అరటి ఎవరూ కలిపేవి కావు. ఈస్ట్ పులియబెడుతూ తనే పుట్టిస్తుంది. లవంగం వాసన 4-వినైల్ గ్వయకాల్ అనే పదార్థానిది, అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్‌ది. పులిసేటప్పుడు ట్యాంకు వేడెక్కిందంటే సాధారణంగా అరటి పైచేయి అవుతుంది. బీరు చేసే కుర్రాణ్ణి అడిగితే దాచలేదు. "చిల్లర్ రెండు రోజులు సతాయించింది సార్, ఆ బ్యాచ్ మా చేతిలో లేదు" అన్నాడు. చిల్లర్ అంటే ట్యాంకును చల్లగా ఉంచే యంత్రం. నిజాయితీ నచ్చింది. కానీ అది ముందే బోర్డు మీద రాసి, ధర తగ్గించి అమ్మి ఉంటే ఇంకా నచ్చేది.

సైసన్ విషయంలో మాత్రం ఈ ఎండే కలిసొచ్చింది. బెల్జియం దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వలోనియా పల్లెల్లో, పొలం పనికి వచ్చే కూలీల దాహం తీరడానికి రైతులు చలికాలంలో చేసి దాచుకున్న బీరు ఇదని చెప్తారు. అన్నిటికంటే పేరున్నది సైసన్ డ్యూపాంట్, 6.5 శాతం మద్యం. మిగతా ఈస్ట్‌లు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలంటాయి. సైసన్ ఈస్ట్ 30 దాటినా హాయిగా పనిచేస్తుంది, ఆ వేడిలోనే దాని మిరియపు ఘాటు బయటికొస్తుంది. అంటే మన వాతావరణంలో చిల్లర్ సతాయించినా అంతగా పాడయ్యే బీరు కాదు. ఇక్కడి సైసన్ గరగరలాడుతూ ఉంటుంది. తీపి బొత్తిగా ఉండదు, నిమ్మ, మిరియం కలిసిన వాసన. వేపుళ్ళతోనే కాదు, చేపల పులుసుతో కూడా నిలబడే బీరు నాకు ఇంకోటి తగల్లేదు. ఒకే ఒక కోరిక ఉంది. సైసన్‌లో అక్కడి రైతులు తమ దగ్గర ఏ గింజ ఉంటే అది వేసుకునేవారట. మన వైపు చోళ్ళకు (రాగులకు) కొదవా? కాసిన్ని వేసి చూడండి బాబూ అని వాళ్ళ చెవిలో వేశాను. నవ్వి ఊరుకున్నారు.

ఈ సైసన్‌తోనే ఒక తంటా కూడా ఉంది. దాన్ని పెట్టిన ప్రతిసారీ తర్వాత వచ్చే విట్‌బియర్ పల్చబడింది. నోరు నిండేది కాదు, నీళ్ళలా జారిపోయేది. సైసన్ ఈస్ట్‌లలో చాలా వాటిది డయాస్టాటికస్ అనే రకం. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసే పెద్ద చక్కెరలను కూడా ఇది విరగ్గొట్టి తినేస్తుంది. గొట్టాల్లో, వాల్వుల్లో కాస్త మిగిలినా చాలు, తర్వాత ఆ ట్యాంకులో పడిన బీరులో ఒంటి బలం లాగేస్తుంది. ఇది నా అనుమానమే, నేనేమీ ల్యాబ్‌లో చూడలేదు. కానీ ఈ మాట అన్నప్పుడు ఆ కుర్రాడు ఖండించలేదు. సైసన్‌కు విడిగా ఒక ట్యాంకు పెడతామన్నాడు. ఇంకా పెట్టలేదు.

డబెల్ దగ్గరికొద్దాం. బెల్జియంలో దీనికి ఎర్రని గోధుమ రంగు, ఎండు ద్రాక్ష వాసన ఇచ్చేది క్యాండీ సిరప్, అంటే బీట్ చక్కెరను కాచి ముదర పెట్టిన పాకం. అది దిగుమతి చేసుకోవడం ఖరీదని వీళ్ళు అనకాపల్లి బెల్లం వాడుతున్నారు. ఆలోచన బాగుంది. మా బ్యాచ్‌లో అందరూ బెల్లం అనగానే తియ్యగా ఉంటుందని ఆశపడ్డారు. ఉండదు. బెల్లంలో ఉన్న తీపిని దాదాపు మొత్తం ఈస్ట్ తినేసి మద్యంగా మార్చేస్తుంది, నోటికి మిగిలేది వాసన, చివర్లో లీలగా ఒక ఉప్పదనం. ఆ ఉప్పదనం బెల్లంలోని ఖనిజ లవణాలది. పంచదారలో, క్యాండీ సిరప్‌లో అది కనిపించదు. నాకది ఇష్టమే, అందరికీ నచ్చుతుందని చెప్పలేను. మొదట్లో తెల్లగా, పచ్చగా మెరిసే బెల్లం వాడేవారు, రంగూ రుచీ రెండూ చప్పగా ఉండేవి. ముదురు బెల్లానికి మారాక బీరు మారిపోయింది. "నల్లబెల్లం బస్తాలు దింపితే ఎక్సైజోళ్ళు ఊరుకున్నారేటి?" అని మావాడు అడిగాడు. సారా బట్టీల పుణ్యమా అని మా జిల్లాలో నల్లబెల్లం కొనేవాణ్ణి ఎగాదిగా చూస్తారు మరి. ఇక్కడ లైసెన్సు ఉందిలే అని సర్దిచెప్పాం.

మెనూలో డబెల్ పక్కన 'ట్రాపిస్ట్ బీరు' అని రాశారు. ఇది తప్పు. ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠంలో, వాళ్ళ పర్యవేక్షణలో తయారై, లాభం మఠం పోషణకీ, దానధర్మాలకీ వెళ్తేనే ఆ మాట వాడాలి. అందుకోసం 1990ల నుంచి వాళ్ళకొక సంఘం, ముద్ర కూడా ఉన్నాయి. వెస్ట్‌మాల్, షిమే, ఓర్వాల్, రోష్‌ఫోర్, వెస్ట్‌వ్లెటరెన్ మఠాల బీర్లు అలాంటివి. మిగతావాళ్ళు ఎంత బాగా చేసినా 'ఆబీ (మఠం) తరహా' అని చెప్పుకోవాలి. పదిసార్లు చెప్పినా మెనూ మారలేదు. కొత్తగా ముద్రించినప్పుడు మారుస్తామంటారు, ధరలు మాత్రం స్టిక్కర్ వేసి మార్చేస్తారు.

ఇక ట్రిపెల్. దీని మీద నాకున్న కోపం ధర వల్ల కాదు. ఇది ఇక్కడ కుదిరే బీరు కాదని తెలిసీ మెనూలో అన్నిటికంటే పైన పెట్టడం వల్ల. ఈ రకానికి కొలబద్ద వెస్ట్‌మాల్ ట్రిపెల్, 1934 నాటిది, 9.5 శాతం మద్యం. మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం బీరు 8 శాతం దాటకూడదు. కాబట్టి వీళ్ళ ట్రిపెల్ మొదటి అడుగులోనే కుదించుకుపోయింది. సరే, అది వీళ్ళ తప్పు కాదు. రెండోది మాత్రం వీళ్ళదే. ఇంత బలమైన బీరు పులిసిన తర్వాత చల్లగా వారాల తరబడి పడుకోవాలి. బెల్జియంలో ఆ తర్వాత సీసాలో కాస్త చక్కెర, ఈస్ట్ వేసి మరోసారి పులియబెడతారు. ఆ సన్నని బుడగలు, ఆ తేలికదనం అక్కడ పుట్టేవే. ఇక్కడ సీసాల పనే లేదు, ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి. ఉన్న ట్యాంకులు కొన్నే. శని, ఆదివారాల్లో విట్‌బియర్ ఖాళీ అయిపోతుంది, దానికి చోటు కావాలంటే ట్రిపెల్‌ను బయటికి నెట్టాలి. ఆవకాయ కలిపిన పూటే వడ్డించినట్టు ఉంటుంది: ముక్క వేరు, కారం వేరు, నూనె వేరు. తాగితే తీపి ఒకవైపు, గొంతులో మద్యం మంట ఇంకోవైపు, మర్నాడు పొద్దున్న తల బరువు. పెద్ద గ్లాసు తాగిన వాడికి కోరుకొండలో లేపడం కూడా కష్టమే.

ఒకే ఒక్కసారి బాగుంది. వానలు పట్టి జనం పల్చబడిన రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు, బీరు తనంతట తాను పడుకుంది. అప్పుడు తేనె, పియర్ పండు వాసన, మంట లేని గొంతు. చేతకాక కాదు, ఆగే ఓపిక లేక పాడుచేస్తున్నారని ఆ రోజే అర్థమైంది.

వడ్డించే తీరు గురించి రెండు మాటలు. అన్ని బీర్లూ ఒకే పొడుగు గ్లాసులో, ఆ గ్లాసు ఫ్రీజర్లోంచి తీసి ఇస్తారు. విట్‌బియర్‌కి పర్వాలేదు. డబెల్, ట్రిపెల్‌కి వాసనే ప్రాణం, గడ్డకట్టే చలిలో ఆ వాసన లేవదు. మామూలు గ్లాసు అడగండి, ఇస్తారు. వైన్ గ్లాసు ఇస్తే ఇంకా మంచిది, తులిప్ పువ్వు ఆకారపు గ్లాసులు వాళ్ళ దగ్గర లేవు. పది నిమిషాలు బల్ల మీద వదిలేసి తాగండి. బిల్లులో బీరుకు వ్యాట్, తిండికి జీఎస్టీ విడివిడిగా ఉంటాయి, అది మామూలే. సర్వీస్ ఛార్జీ ఇష్టముంటేనే ఇవ్వాలి, వద్దంటే తీసేస్తారు.

వెళ్ళేవాళ్ళు బల్ల దగ్గర కూర్చోగానే ఏ ట్యాంకు ఎప్పుడు తెరిచారో అడగండి. అడిగితే చెప్తారు, విసుక్కోరు. విట్‌బియర్ అప్పుడే తెరిచిందైతే కళ్ళు మూసుకుని తీసుకోండి. ట్రిపెల్ పులిసి నెల కూడా కాలేదంటే డబెల్ చెప్పండి. సైసన్ ఏడాది పొడుగునా ఉండదు, ఎండలు ముదిరాక పెడతారు. ఈ వారం బోర్డు మీద ఇంకా రాలేదు.