విముక్తి ప్రకటనా, 13వ సవరణా: బానిసత్వాన్ని ముగించింది ఏది?

అమెరికాలో బానిసత్వం ఎప్పుడు పోయిందని అడిగితే చాలామంది టక్కున 1863 అంటారు, లింకన్ విముక్తి ప్రకటన జనవరి 1న అమల్లోకి వచ్చింది ఆ ఏడాదే కాబట్టి. కానీ అది ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తున్నప్పటి ఉత్తర్వు. తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది, ఉత్తరం వైపే ఉన్న కెంటకీ, డెలావేర్‌లలోని బానిసలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. తన మాట చెల్లని చోట విడుదల చేసి, చెల్లే చోట బానిసలుగానే ఉంచేశాడన్నమాట!

అలాగని తీసిపారేయలేం. ఉత్తరాది సైన్యం ముందుకు కదిలిన కొద్దీ అది నిజమవుతూ వచ్చింది, పైగా నల్లవాళ్లకు సైన్యం తలుపులు తెరిచింది, యుద్ధం ముగిసేలోపు దాదాపు 1,80,000 మంది చేరారు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయినా టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో స్వేచ్ఛ ఉత్తర్వు చదివింది జూన్ 19న, అదీ సైన్యం వెళ్లాకే.

బానిసత్వాన్ని నిషేధిస్తూ రాజ్యాంగానికి చేసిన 13వ సవరణ సంగతి వేరు. 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో 119-56తో గట్టెక్కింది, అదే ఏడాది డిసెంబర్ 6న కావలసినన్ని రాష్ట్రాలు ఆమోదించాయి, అప్పటికి లింకన్ లేడు. దేశమంతటికీ వర్తించేది, కోర్టు కొట్టేయలేనిది, కాబట్టి నా ఓటు దీనికే. కాకపోతే నేరానికి శిక్షగా వెట్టి చేయించవచ్చన్న మినహాయింపు అందులోనే ఉంది, దాన్ని పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను తోటలకీ గనులకీ అద్దెకిచ్చాయి. కెంటకీ అయితే ఈ సవరణను లాంఛనంగా ఆమోదించింది 1976లో!