కొత్తవని చెప్పి వాడేసిన వైఫై బోర్డులు పంపాడు, అడిగితే ఒడిశాకి రిటర్న్ లేదన్నాడు – జాగ్రత్త

ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లలు ప్రాజెక్టుల కోసం సామాన్లు తెప్పించుకునే ఆ వాట్సాప్ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆర్డుయినో బోర్డులు, సెన్సర్లు, మోటార్లు అమ్ముతుంటాడు, తెలుగులోనే మాట్లాడతాడు. అతని దగ్గర వైఫై బోర్డులు కొనేముందు ఇది పూర్తిగా చదవండి. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా అక్క కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. వాడి ప్రాజెక్టు చాలా మంచిది. మా వైపు కొండ ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. అలాంటి చోట వైఫై చిప్ ఉన్న ఒక చిన్న ఈఎస్‌పీ8266 బోర్డునే యాక్సెస్ పాయింట్‌గా, అంటే అదే వైఫై ఇచ్చేలా పెట్టి, పిల్లల ఫోన్లు దానికి కలిపితే అందులో దాచిన తెలుగు, ఒడియా పాఠాలు తెరుచుకోవాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో 192.168.4.1 అని కొడితే చాలు. పాఠాలన్నీ బోర్డు ఫ్లాష్ మెమరీలోనే ఉండాలి కాబట్టి 4 ఎంబీ ఉన్నవే కావాలని ముందే స్పష్టంగా అడిగాం. "కొత్త సరుకు అన్నా, సీల్డ్ కవర్లో వస్తుంది, మన తెలుగువాళ్ళకి తేడా చెయ్యను" అన్నాడు. మూడు బోర్డులకి డబ్బు ముందే ఫోన్‌పేలో వేశాం.

వచ్చినవి చూడండి. మొదటి బోర్డుకి కేబుల్ పెట్టాం. మేమింకా అందులోకి ఏ ప్రోగ్రామూ ఎక్కించలేదు. ఫోన్లో వైఫై లిస్టు తెరిస్తే "స్మార్ట్ ఇరిగేషన్ బ్యాచ్ 7" అని ఒక పేరు, పక్కన తాళం గుర్తు. కేబుల్ తీస్తే పేరు పోతోంది, పెడితే మళ్ళీ వస్తోంది. అంటే ఎవరో పిల్లలు తమ ప్రాజెక్టు కోసం పేరు, పాస్‌వర్డ్ పెట్టుకుని వాడేసిన బోర్డు అది. వెనక్కి తిప్పి చూస్తే పిన్నుల మొదట్లో టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ తేనె రంగులో గడ్డకట్టి ఉంది, రెండు పిన్నులకి టంకం బొట్లు. కొత్త కవర్లో పెట్టి అంచు కాల్చి సీల్ చేశాడు, అంతే.

రెండోది పైకి బాగానే ఉంది. ప్రోగ్రామ్ ఎక్కింది, మేం పెట్టిన పేరు ఫోన్లో కనిపించింది. ఫోన్ కలిపామో లేదో బోర్డు రీస్టార్ట్. మళ్ళీ కలిపితే మళ్ళీ రీస్టార్ట్. యాక్సెస్ పాయింట్‌గా ఉన్నప్పుడు రేడియో సిగ్నల్ పంపే క్షణంలో ఈ చిప్ 170 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. బోర్డు మీద వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ అది తట్టుకోవాలి. మీటర్ పెట్టి చూస్తే 3.3 వోల్టులు ఉండాల్సిన పిన్ను దగ్గర ఫోన్ కలపగానే 3 కిందికి జారిపోతోంది. కేబుల్ మార్చాం, చార్జర్ మార్చాం, కంప్యూటర్ మార్చాం. అదే వరస. మూడోదాన్ని ఈఎస్‌పీటూల్ అనే ప్రోగ్రామ్‌తో అడిగితే ఫ్లాష్ 1 ఎంబీ అని చూపించింది. మా పాఠాలు సగం కూడా పట్టవు.

ఇంతవరకూ సరుకు సంగతి. సరుకు చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుంది, దానికి నేనింత రాసేవాణ్ణి కాదు. ఫోన్ చేసినప్పుడు అతను మాట్లాడిన తీరు గురించి రాయాలి.

కొనేటప్పుడు "అన్నా, మీరు" అన్నవాడు ఫోన్ ఎత్తగానే "ఏంటి చెప్పు" అన్నాడు. ఫొటోలు, వీడియోలు అన్నీ అప్పటికే పంపాను. "కొత్త బోర్డు ఆన్ చేస్తే ఏదో ఒక వైఫై పేరు వస్తుంది, ఆ మాత్రం తెలీదా" అన్నాడు. తెలుసు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోర్డు అయితే "ఏఐ థింకర్" అనో "ఈఎస్‌పీ" అనో వచ్చి, వెనకాల మ్యాక్ అడ్రస్ అనే బోర్డు గుర్తింపు నంబరులోని చివరి అంకెలు, అక్షరాలు ఉంటాయి. స్మార్ట్ ఇరిగేషన్ అని ఏ ఫ్యాక్టరీ పెట్టదు. అదే చెప్పాను. అప్పుడు మాట మార్చి మా అక్క కొడుకు మీద పడ్డాడు. "వాడికి యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టడం రాదు, పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకి తక్కువ పెట్టుంటాడు, పిల్లలకి పని రాక బోర్డులు కాల్చేసి మా నెత్తిన రుద్దుతారు" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. వాడు పక్కనే కూర్చుని అంతా వింటున్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

పాస్‌వర్డ్ పది అక్షరాలు. అదే ప్రోగ్రామ్, అక్షరం మార్చకుండా, కాలేజీ ల్యాబ్‌లోని బోర్డులో ఎక్కిస్తే నాలుగు ఫోన్లు కలిసి సాయంత్రమంతా నడిచింది. ఆ వీడియో కూడా పంపాను. అది చూశాక అసలు మాట బయటపెట్టాడు. "ఆంధ్రా అడ్రస్ అయితే రిటర్న్ తీసుకునేవాణ్ణి, ఒడిశాకి రిటర్న్ లేదు. అక్కడినుంచి నువ్వు నన్నేం చేస్తావ్?" అని పెట్టేశాడు. కాసేపటికి నంబరు బ్లాక్.

ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్క ఊరు. రోజూ వెళ్ళి వస్తుంటాం. డబ్బు తీసుకునేటప్పుడు మన తెలుగువాళ్ళం అయినవాళ్ళం, తప్పు బయటపడ్డాక ఒడిశావాళ్ళం అయిపోయాం. సరిహద్దులో ఉన్నవాళ్ళని ఇంత తేలిగ్గా మోసం చెయ్యొచ్చని ఇతను లెక్కేసుకుని కూర్చున్నాడు. నాకు డబ్బు పోయినదానికంటే ఆ ధీమాకే ఎక్కువ మండింది.

ఆ ధీమా తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు చెప్పినదానికి భిన్నంగా, లోపంతో ఉన్న వస్తువు పంపితే వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో రాసే ఉంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే కమిషన్‌కి వెళ్తాను. మీలో ఎవరికైనా ఇతని దగ్గర ఇలాగే జరిగి ఉంటే బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరపకండి, నాకు మెసేజ్ పెట్టండి.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. పార్సిల్ విప్పేటప్పుడు, మొదటిసారి కేబుల్ పెట్టేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యండి, ఏమీ ఎక్కించకముందే ఫోన్లో వైఫై లిస్టు చూపించండి. ఫ్లాష్ సైజు ఆ రోజే చూసుకోండి. ఫోన్ కలిపి పరీక్షించేటప్పుడు మొబైల్ డేటా ఆపండి. లేకపోతే ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ దానంతట అదే డేటాకి మారిపోయి పేజీ తెరుచుకోదు, అది బోర్డు తప్పు కాదు. బోర్డే రీస్టార్ట్ అవుతుంటే మాత్రం వదలకండి. ముందు డబ్బు వెయ్యమనేవాడి దగ్గర ఒడిశాకి రిటర్న్ ఉందో లేదో రాతపూర్వకంగా చాట్‌లో అడిగి, జవాబు వచ్చాకే వెయ్యండి.