కొమాంచీ దారిలో నాలుగు రోజులు, నీళ్ళపాలైన 456 డాలర్లు

మా మామగారు అనంతపురం జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయనకు గుళ్ళూ, మాల్‌లూ తప్ప మేము ఏమీ చూపించలేదు. ఈసారి ఆయనే ముందుగా, "కొమాంచీలనే అమెరికా ఆదివాసులు మెక్సికో మీదికి దాడులకు వెళ్ళిన దారి మీ టెక్సాస్‌లోనే ఉందట కదా బాబూ, అది చూడాలని ఉంది" అని అడిగారు. అక్టోబరు పున్నమికి కుదిరేలా సెలవు పెట్టుకుని ఆయనతో పాటు నేను, నా భార్య, పదకొండేళ్ళ మా అబ్బాయి బయలుదేరాము. కొమాంచీలు ఎక్కువగా వానలు పడి గడ్డి మొలిచే శరదృతువులో, వెన్నెల వెలుగులో ప్రయాణించేవారు కాబట్టే ఆ పున్నమి.

మొదటి రోజు దాదాపు 290 మైళ్ళు నడిపి బిగ్ స్ప్రింగ్ చేరి, 94 డాలర్ల గదిలో హాయిగా నిద్రపోయాము. ఉత్తరాది మైదానాల నుంచి వచ్చిన దారులు కలిసిన ఊట అక్కడే ఉంది. ఇప్పుడు దానిలో కనిపించే నీరు మాత్రం పంపుతో తెచ్చి పోసేదే. ఇక్కడి నుంచి దారి పేకోస్ నది మీది హార్స్‌హెడ్ రేవుకూ, ఫోర్ట్ స్టాక్‌టన్‌లోని కొమాంచీ ఊటలకూ వెళ్ళి, అక్కడ చీలిపోయి రియో గ్రాండే దాటి చిహువాహువా, డురాంగో దాకా సాగేది.

ఇక నా బాధ చెబుతాను. ఫోర్ట్ స్టాక్‌టన్ నుంచి రేవు దాకా తీసుకువెళ్ళి చరిత్ర వివరిస్తామని ప్రకటించిన ఒక పర్యటన సంస్థకు మనిషికి 95 చొప్పున 380 డాలర్లు ముందే కట్టాను. పిల్లవాడికి తగ్గింపు లేదు. మమ్మల్ని అడగకుండానే కార్డు మీద మరో 76 డాలర్లు టిప్పుగా పట్టుకున్నారు. గైడ్ ఒక దుకాణం ముందు నలభై నిమిషాలు ఆపి, తరువాత ఒక గుట్ట మీద నిలబెట్టి, తలల మీది చర్మం ఒలిచే కథలు అభినయంతో చెప్పాడు. మా అబ్బాయి తల్లి చేయి వదలలేదు. మా మామగారు మర్యాదగా ఒకే ప్రశ్న వేశారు: "వేలకొద్దీ గుర్రాలను తోలుకొచ్చారు అంటున్నారు, అన్ని గుర్రాలను కొన్నది ఎవరు?" గైడ్ నవ్వి, వాళ్ళు గుర్రాలంటే పడిచచ్చేవారని చెప్పి ఊరుకున్నాడు. చివరికి దారి బురదగా ఉందంటూ రేవుకు తీసుకువెళ్ళనేలేదు. ఆ వారంలో అక్కడ చినుకు పడలేదు. డబ్బు తిరిగి అడిగితే, వాతావరణం వల్ల రద్దయితే ఇవ్వమని నిబంధన చూపించారు. ఆ రాత్రి నా భార్య నాతో మాట్లాడలేదు, మామగారు పెరుగన్నం సగంలో వదిలేశారు.

మర్నాడు ఉదయం మా కారులోనే వెళ్ళాము. గిర్విన్ దాటాక తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టాలి. చక్రాలకు అంటినది దుమ్మే. రేవు దగ్గర 1936లో నిలిపిన గ్రానైట్ ఫలకమూ, కోసుకుపోయిన గట్ల మధ్య సన్నని ఉప్పు నీటి పాయా తప్ప మరేమీ లేవు. అయినా నాలుగు రోజుల్లో మా మామగారు ఎక్కువసేపు నిలబడినది అక్కడే. పేకోస్ గట్లు చాలాచోట్ల నిట్టనిలువుగా ఉంటాయి కనుక పశువులు దిగగలిగిన చోట్లు తక్కువ. ఎండలో తరిమి తెచ్చిన గుర్రాలు దప్పికకు తాళలేక ఆ నీటిని అతిగా తాగి చనిపోగా మిగిలిన పుర్రెల వల్లే రేవుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. కొమాంచీల తరువాత 1858లో బటర్‌ఫీల్డ్ తపాలా బళ్ళూ, 1866 నుంచి గుడ్‌నైట్, లవింగ్ అనే పశువుల వ్యాపారుల మందలూ ఇక్కడే దాటాయి.

ఫోర్ట్ స్టాక్‌టన్‌లోని కొమాంచీ ఊటలు రోజుకు కోట్ల గ్యాలన్ల నీరు ఇచ్చి, ఆరు వేల ఎకరాలకు పైగా సాగు చేయించినవి. ఎగువన కొందరు రైతులు బోర్లు వేసి తోడుకోవడంతో ఊటల కింది రైతులు కోర్టుకు వెళ్ళారు. నేల ఎవరిదైతే దాని కింది నీరూ వారిదేనని 1954లో తీర్పు వచ్చింది. 1961 నాటికి ఊటలు ఎండిపోయాయి. ఇటీవల సేద్యం ఆగే కొన్ని చలికాలాల్లో మళ్ళీ నీరు కనిపిస్తోంది కానీ, మేము చూసినది పొడి రాతి గుంటనే. మా మామగారు దాని గట్టున కూర్చుని, "మా ఊరి బావి కూడా ఇలాగే పోయింది" అన్నారు.

బిగ్ బెండ్ జాతీయ ఉద్యానానికి ఉత్తర ద్వారమైన పెర్సిమన్ గ్యాప్ గుండానే దారిలో ఒక పాయ దక్షిణానికి దిగేది. కారుకు ఏడు రోజులకు 30 డాలర్లు, ప్రతి సెంటుకూ న్యాయం జరిగింది. ఆ కనుమలో పున్నమి వెన్నెల నేల మీద రాళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. అదే వెలుగు రియో గ్రాండే అవతల మెక్సికో పల్లెల వారికి ఎంత భయం పుట్టించి ఉంటుందో నా భార్య అన్నది. నిజమే, ఎన్నో పల్లెలు పాడుపడ్డాయి, పిల్లలు చెరపట్టబడ్డారు. మెక్సికోతో చేసుకున్న 1848 ఒప్పందంలో ఆ దాడులను ఆపుతామని మాట ఇచ్చిన అమెరికా, 1853 ఒప్పందంతో ఆ బాధ్యతను వదిలించుకుంది.

రెండు వారాల తరువాత మామగారి పట్టుదల మీద ఓక్లహోమాలోని లాటన్‌కు వెళ్ళాము. అక్కడి కొమాంచీ జాతీయ మ్యూజియంకు ప్రవేశ రుసుము లేదు. తమను తాము నుమునూ అని పిలుచుకునే ఆ ప్రజల మాట అక్కడే విన్నాము. నా సలహా ఒక్కటే, దారి చూడడానికి ముందు లాటన్‌కు వెళ్ళండి, గైడ్‌కు పైసా ఇవ్వకండి. మామగారు తన ప్రశ్నను అక్కడి ఉద్యోగిని ముందు మళ్ళీ పెట్టారు. ఆమె కుర్చీ లాగి ఆయనను కూర్చోబెట్టి, న్యూ మెక్సికో నుంచి వచ్చే కొమాంచేరో వర్తకుల గురించీ, అర్కాన్సస్ నది ఒడ్డున 1833లో కట్టిన బెంట్స్ ఫోర్ట్ అనే వర్తక కేంద్రం గురించీ, మెక్సికోలో దోచిన గుర్రాలూ కంచరగాడిదలూ చేతులు మారి అమెరికన్ల బండ్లకు చేరిన తీరు గురించీ అరగంట చెప్పింది. మామగారు నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి ఆ పేజీలు చదివి వినిపించమని ఆయనను అడిగాడు.